తిట్టినదెవరు?

1940లో ముదునూరున గోరాగారు స్థాపించి, 1947లో బెజవాడ పటమటకు తరలించిన నాస్తిక కేంద్రమువారు బాణామతి, చేతబడి వట్టి భ్రమలని ఊరూర చాటుచుండగా, అదే పట్టణమున ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మకు మ్రొక్కుకొని, మెట్లు దిగి, తిన్నగా మానసిక వైద్యుని యొద్దకు పోవువారును కలరు. ఈ రెండును పొసగునా యని నేనడుగను. రోగి కుదుటపడుటయే కావలసినది. ఆలోచింపదగిన ప్రశ్న వేరొకటి కలదు.

పామర్రు చెంత నొక పెద్దరైతు, జీవితమంతయు ఒకరిని పల్లెత్తు మాట యననివాడు, అరువది దాటిన పిమ్మట కోడలిని బూతులు తిట్ట మొదలిడెను. కిళ్ళీకొట్టున వ్రేలాడు గెలనుండి అరటిపండ్లు తెంచుకొని, డబ్బడిగినచో నవ్వి ఊరకుండును. మతిమరుపా యనిన, కాదు: ఏ చేను ఎన్ని సెంట్లో, కాలువనీటి వంతు ఎవరిదో తడుముకొనక చెప్పును. గాలి సోకినదని కొందరు, పూర్వజన్మ పాపమని కొందరు. స్కానింగులో మెదడు ముందుభాగము కృశించినదని తేలినది. 1892లో ప్రాగ్ నగరమున ఆర్నాల్డ్ పిక్ వర్ణించిన కోవకు చెందిన వ్యాధి. అంతయు విని కోడలు వైద్యుని అడిగినదట: "తిట్టేది మా మామయ్యగారా అండీ, జబ్బా?"

చరకుడు ఉన్మాదమును నిజము (దేహదోషమువలన పుట్టినది) అనియు, ఆగంతుకము (వెలుపలినుండి వచ్చినది) అనియు విభజించియు, దేవతలు గాని పిశాచములు గాని తమంత తాము మనుజుని బాధింపవనియు, మూలము వాని ప్రజ్ఞాపరాధమే యనియు తేల్చెను. దేవతలను నిర్దోషులను జేయబోయి రోగిని దోషిగా నిలిపినాడని నా యభియోగము. మెదడు కణములు నశించుటలో ఆ రైతు చేసిన యపరాధమేమి?

సాంఖ్యుల యుత్తరము ఇంతకంటె సూక్ష్మము. మనస్సును, బుద్ధిని, తుదకు అహంకారమును సైతము జడప్రకృతి పక్షమున జేర్చి, పురుషుని కేవలసాక్షిగా మిగిల్చినవారు గనుక, మెదడు చెడి శీలము మారినదన్నచో వారు కలవరపడరు. చెడినది పరికరమే, సాక్షికేమియు కాలేదందురు. కాని కాపురమునకు వచ్చిన నాటినుండి "అమ్మాయీ" యని పిలిచి, ఆమె తినకున్న తాను ముద్ద ముట్టని మామగారు ఆ సాక్షి గాదు గదా! తర్కము రక్షించిన యా పురుషుడు ఎవ్వరికిని బంధువు కాడు. ఇక లోకాయతుల మాట నమ్మినచో, దేహమే మనిషి గనుక, పాతవాడు పోయి క్రొత్తవాడు వచ్చినట్లే. వానికి అన్నము పెట్టవలసిన ఋణమెక్కడిది?

వైద్యుడు జబ్బే యనెను. ఆమె తిట్లను జబ్బు ఖాతాలోను, సేవను మామగారి ఖాతాలోను వ్రాసికొనినది. ఏ దర్శనమునకును ఒదుగని లెక్క యిది. తప్పని నిరూపించుట మాత్రము నా చేత గాలేదు. కిళ్ళీకొట్టువానికి అరటిపండ్ల పైకము నెల మొదటనే ముట్టజెప్పుచున్నదట.