మసకలో ప్రత్యక్షం

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలై రాత్రంతా నడక. ఛాతీకి గోప్రో కట్టుకుంటాను. గోరంత సెన్సర్, లెన్సు ద్వారం పెంచే వీల్లేదు. అందుకని సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 1/48, ఐఎస్‌ఓ 1600 దాటకుండా కట్టడి. నడక కుదుపుల్ని స్టెబిలైజేషన్ సర్దుతుంది గానీ, ఫ్రేములోనే అలుక్కుపోయిన దీపాన్ని ఏమీ చేయలేదు. వీధిదీపాల దగ్గర ఆగి తీయడమే మేలు. వెనకవాళ్లు తోస్తారు, అది వేరే సంగతి.

ఇంత చేసినా చీకటి మూలల్లో రంగు రవ్వలే. "ఏఐతో కడిగేద్దాం మావయ్యా" అన్నాడు మేనల్లుడు. కడిగితే గుంపులో మసగ్గా ఉన్న ముసలావిడకి నున్నటి బుగ్గలు, తీర్చిన కనురెప్పలు వచ్చాయి. ఎవరివవి?

గౌడపాదులు మాండూక్య కారికలో చెప్పిన, తాడును పామనుకునే ఉదాహరణ గుర్తొచ్చింది. పట్టపగలు ఆ పొరపాటు జరగదు, కటిక చీకట్లోనూ జరగదు. మసక ఉండాలి. నైయాయికులు దీన్ని అన్యథాఖ్యాతి అన్నారు: ఎక్కడో చూసిన పామును ఇక్కడి తాడులో చూడటం. ఆ కనురెప్పలూ అంతే, వేరే ముఖాల్లో నేర్చుకున్నవి.

రవ్వల సంగతి వేరు. కాంతికణాలు తక్కువ పడితే లెక్క ఎగుడుదిగుడవుతుంది. కొన్ని ఫ్రేముల సగటు తీసి దాన్ని తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు, పడిన వెలుగునే కదా కూడుతున్నాం. ముఖం పుట్టించడం మాత్రం ఒప్పుకోను. గౌతముడి న్యాయసూత్రం ప్రత్యక్షం తప్పిపోనిదై ఉండాలంది. పరమార్థంలో తాడూ పామూ రెండూ మిథ్యే అని అద్వైతి అనొచ్చు. కానీ తాడుకీ పాముకీ తేడా ఆయన వ్యవహారంలోనూ ఉంది.