ఖర్చు ఎవరి ఖాతాలో?

ఒక పిల్లవాడి ఖరీదెంత? ఎదురుగా నిలబడి అడిగితే కొట్టడానికొస్తారు. అదే ప్రశ్న వీసా నిబంధనగా వస్తే బుద్ధిగా కూర్చుని జవాబు రాస్తాం.

ఆస్ట్రేలియా నిబంధన ఇది. వీసా అడిగిన కుటుంబంలో ఎవరికైనా జబ్బో వైకల్యమో ఉంటే, వాళ్ల వైద్యానికీ సేవలకీ ప్రభుత్వానికి ఎంతవుతుందో అంచనా వేస్తారు. శాశ్వత నివాసం కోరితే, జీవితాంతం ఉండే స్థితికి పదేళ్ల దాకా లెక్క కడతారు. 2024 జూలై నుంచి హద్దు 86,000 డాలర్లు. అది దాటితే, మినహాయింపు అడగదగ్గ కొన్ని వీసాల్లో తప్ప, ఒక్కరి వల్ల ఇంటిల్లిపాదికీ తిరస్కారమే. "మా ఖర్చు మేమే పెట్టుకుంటాం" అన్నా మామూలుగా ఆ అంచనా మారదు. వైకల్యం పేరుతో వివక్ష కూడదన్న 1992 నాటి చట్టం అక్కడ ఉంది. వలస చట్టాన్ని మాత్రం అది మినహాయించింది.

మా అక్కా బావా మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం. తాత్కాలిక వీసా కాబట్టి అక్కడి వైకల్య బీమా పథకం, ఎన్‌డీఐఎస్, వాడికి వర్తించదు. స్పీచ్ థెరపీకి సొంత డబ్బే. పీఆర్‌కి పెట్టాలా వద్దా అన్నది ఇప్పుడు ఇంట్లో నలుగుతున్న మాట. "ఎందుకొచ్చిన బాధ, వచ్చెయ్యండి. వాణ్ణి చూసుకోడానికి మేం లేమా?" అంటుంది చల్లపల్లి నుంచి అమ్మ.

నిబంధన వెనకున్న వాదన తీసిపారేసేది కాదు. ప్రజల సొమ్ముకి పరిమితి ఉంటుంది. ఏ దేశమూ అందర్నీ రమ్మనలేదు. సరే, లెక్కే వేద్దాం. కానీ పూర్తిగా వేద్దాం.

బావ ముప్ఫయ్యేళ్లప్పుడు అక్కడ దిగాడు. అప్పటిదాకా అతనికి టీకాలు వేయించి, చదువు చెప్పించి, ఇంజనీర్ని చేసిందెవరు? చల్లపల్లి బడి, విజయవాడ కాలేజీ, అరెకరం అమ్మిన తండ్రి. ఆ ఖర్చులో ఆస్ట్రేలియా ఒక్క డాలరూ పెట్టలేదు. తయారైన మనిషిని తీసుకునేటప్పుడు తయారీకెంతయిందని అడగని దేశం, అతని కొడుకు దగ్గరికొచ్చేసరికి పద్దుపుస్తకం తెరుస్తోంది. లెక్క వేస్తున్నారని కాదు నా బాధ, ఒకవైపే వేస్తున్నారని.

పోనీ, బాబుని కాదంటే ఆ ఖర్చు మాయమైపోతుందా? చల్లపల్లికొస్తుంది. అక్క ఉద్యోగం మానేస్తుంది, థెరపీకి విజయవాడ బస్సెక్కుతుంది. మోకాళ్ల నొప్పులతో అమ్మ వాడి వెంట పరిగెడుతుంది. జీతం లేని పని కాబట్టి అదెక్కడా రాసి ఉండదు.

అందుకే అమ్మ మాట నన్ను కదిలించినా ఒప్పించలేదు. చల్లపల్లిలో వాడు తప్పిపోతే ఎవరో ఒకరు గుర్తుపట్టి ఇంటికి తీసుకొస్తారు. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఆదరణ అమ్మకి ఓపికున్నన్నాళ్లు, ఊరికి మనసున్నన్నాళ్లు. వాడు అడిగి తీసుకోగలిగేది కాదు. అడిగి తీసుకోడానికి మనకీ 2016 చట్టం ఉంది. ఆటిజాన్ని గుర్తించింది, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుని నిజం చేసే టీచరూ థెరపిస్టూ అందుబాటులో లేనిచోట మనమూ ఆ ఖర్చుని తల్లి ఖాతాలోనే రాస్తున్నాం. ఆస్ట్రేలియా దాన్ని నిబంధన అంటుంది, మనం ప్రేమ అంటాం.

అక్కని దరఖాస్తు పెట్టమనే చెప్పాను. ఫీజు పోవచ్చు, కాదనొచ్చు. కాదనే పని వాళ్లనే చెయ్యనీ. వాడు భారమని వాళ్లకంటే ముందు మనమే ఎందుకు ఒప్పుకోవాలి?