అయిదవ పిచ్చుక



ఒక వస్తువునకు విలువ ఎప్పుడు కలుగును? కొనువాడు వచ్చినప్పుడా? కొనువాడు వెళ్లిపోయిన దినమున ఆ విలువయు పోవునా?

జపాను దేశపు ఫ్యూజీ కంపెనీ, అక్రోస్ అను తన నలుపు తెలుపు ఫిలిమును గిరాకి తగ్గినందున మానివేయుచున్నట్లు 2018లో ప్రకటించెను. దానిని వాడువారు మరల కావలెనని కోరిరి. దొరకని ముడిసరకులకు బదులు వేరొకటి వెదకి, కంపెనీ 2019లో దానిని రెండవ అక్రోస్‌గా తిరిగి తెచ్చెను. పోయినదనుకొన్నది వచ్చెనని అనేకులు సంతోషించిరి.

ఇట్టి వార్త వినగానే బోధకునికి ఒక ప్రసంగము సిద్ధమగును: త్రోసివేయబడినది తప్పక పిలువబడును, ఓర్చుకొనుడి అని. అయితే తొందరపడకుడి. మన దేశపు సంగతియు వినుడి. 1960లో ప్రభుత్వము ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థను స్థాపించెను. ‘ఇందు’ అను పేరట నలుపు తెలుపు ఫిలిమును, ఆసుపత్రులకు ఎక్స్‌రే ఫిలిమును అది తయారుచేసెను. రంగుల ఫిలిము వచ్చెను, అప్పులు పెరిగెను, డిజిటల్ కెమెరా వచ్చెను, ఫ్యాక్టరీ మూతబడెను. ఇందు తిరిగి రాలేదు.

తిరిగి వచ్చినది విలువగలదియు, రానిది విలువలేనిదియునా? ఫిలిము మీద వెండి లవణపు పూత యుండును. రెప్పపాటులో వెలుగు దానిని తాకును. చీకటి గదిలో మందునీళ్లలో కడుగువరకు ఆ ముద్ర ఎవరికిని కనబడదు. అయినను అక్కడనే యుండును. ఫ్యాక్టరీ మూతబడినందున, ఇందు మీద ముద్రపడిన పెండ్లికూతురి ముఖము చెరిగిపోలేదు. నమ్మకముగా చేసిన పని బజారు తీర్పుతో రద్దు కాదు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మన సంఘములలో ఈ ప్రశ్న ఫిలిమును గూర్చినది కాదు. చెన్నైలో కట్టడపు పనికి వలసపోయి, నడుము విరిగి ఇల్లు చేరిన సహోదరుని తలంచుడి. మేస్త్రి అతనికి మరల కబురు పెట్టడు. 30 ఏండ్లు ఆదివారపు బడి నడిపి, చూపు పోయి మంచము పట్టిన మామ్మను తలంచుడి. “మరల పిలుపు వచ్చును” అని వారితో చెప్పుట సులభము. అది అబద్ధము కావచ్చును.

ప్రభువు చూపిన ఆదరణ వేరు. పిచ్చుకల వెల మత్తయి సువార్తలో కాసుకు రెండు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. లెక్క చూడుడి: అయిదవది కొసరు. దానికి వెలయే లేదు. ఆ కొసరు పిట్టను సహితము దేవుడు జ్ఞాపకముంచుకొనునని ప్రభువు నేర్పెను. అది మరల అమ్ముడుపోవలెనని ఆయన నియమము పెట్టలేదు.

కాబట్టి దేవుడు మరువనివారిని సంఘము మరచుట న్యాయమా? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ మామ్మ గుమ్మము తొక్కుడి. ఏ పనియు అడుగక, ఆమె మంచము ప్రక్కను కూర్చుండుడి. ఆమె మీకు చిన్నతనమున నేర్పిన పాటను ఆమె వినునట్లు పాడుడి.