అద్దానికీ వాసనలుంటాయా?

సినిమా తెర మీద మంట లేస్తే తెర కాలదు, వరద వస్తే తడవదు. ఆత్మ కూడా అంతేనని రమణ మహర్షి అరుణాచలంలో తన దగ్గరకు వచ్చినవారికి చెప్పేవారు. అది ఫిల్మ్ రీళ్ల కాలం. ఇప్పటి ప్రొజెక్టర్‌లో ఫిల్మ్ లేదు, అద్దాలున్నాయి. దాంతో వేదాంత విచారణ తెర దగ్గర ఆగకుండా వెనక గదిలోకి నడవాల్సి వచ్చింది. బొమ్మలో దోషం కనబడితే అది ఎవరిది?

1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన డీఎండీ చిప్‌లో ఒక్కో చుక్కకు ఒక్కో అల్యూమినియం అద్దం. 2కె చిప్‌లో అడ్డంగా 2048, నిలువుగా 1080. అంటే 22 లక్షల పైచిలుకు. పెద్ద థియేటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా ఒక చిప్. ప్రతి అద్దమూ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ సుమారు 12 డిగ్రీలు వాలుతుంది. ఒకవైపు వాలితే వెలుగు లెన్స్‌లోకి వెళ్తుంది, రెండోవైపు వాలితే దాన్ని మింగేసే భాగం మీద పడుతుంది. తెర మీది చీకటి దీపం ఆరితే వచ్చింది కాదు, పక్కకు తిప్పేసిన వెలుగు!

ఇన్నిసార్లు ఊగితే అద్దం కీలు అలసి విరగదా? ఇంజనీర్ల తొలి భయం అదే. విరగలేదు. ఆ కీలు ఎంత పలచనంటే, పెద్ద లోహపు ముక్కల్లో పగుళ్లకు దారితీసే లోపాలు పేరుకోవడానికి అందులో చోటే లేదు. పరీక్షల్లో లక్ష కోట్ల ఊపులు దాటినా నిలిచింది. అసలు శత్రువు కదలిక కాదు, కదలకపోవడం. వేడిలో ఎక్కువకాలం ఒకేవైపు వాలి ఉంటే కీలు మెల్లగా అటే ఒంగిపోతుంది. చివరికి ఆదేశం వచ్చినా రెండోవైపు రానని మొరాయిస్తుంది. వెలుగువైపు ఇరుక్కుంటే చీకటి సీన్లో ఆ చిప్ రంగు చుక్క ఒకటి ఆరకుండా మెరుస్తూనే ఉంటుంది.

వాసన గురించి వేదాంతులు చెప్పేదీ దాదాపు ఇదే: పదేపదే ఒకవైపు మొగ్గిన మనసు ఆ మొగ్గునే స్వభావం చేసుకుంటుంది. మందులోనూ పోలిక ఉంది. చిప్‌ను చల్లగా ఉంచాలి, పని లేనప్పుడు అద్దాలను రెండువైపులా సరిసమానంగా ఆడించాలి. గీత చెప్పిన సమత్వాన్ని ఇంత అక్షరాలా పాటించే సాధకులు అరుదు.

ప్రతిబింబంలోని మరక అద్దానిదేగానీ బింబానిది కాదని అద్వైతంలో ‘వివరణ’ అనే సంప్రదాయం వాదించింది. ఇరుక్కున్న చుక్క విషయంలో ఆ తీర్పు చక్కగా అతుకుతుంది: దీపానికి దోషం లేదు, తెరకూ లేదు. కానీ ఇంకో అడుగు వేస్తే పోలిక తిరగబడుతుంది. గాజు కింద సీలు చేసిన చిప్‌లో ఒక్క అద్దాన్ని బాగుచేయడం కుదరదు, చిప్ మొత్తాన్నీ మార్చాల్సిందే. కొత్త చిప్‌కు పాత వంకర రాదు. దేహం మారినా వాసనలు వెంట వస్తాయనే వేదాంతికి ఇక్కడ చిక్కే. దేహంతోనే అంతా సరి అన్న చార్వాకుడికి మాత్రం ప్రొజెక్టర్ గది భలే నచ్చి ఉండేది.