పొడుచు ఎద్దు, కూయు బ్రేకు

ధ్యాన భాగము: నిర్గమకాండము 21:28–29



మనుష్యుని పొడిచి చంపిన ఎద్దును గూర్చి ధర్మశాస్త్రములో రెండు తీర్పులున్నవి. మునుపెన్నడు పొడవని ఎద్దైతే దాని యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని అతనికి ముందే తెలియజేసినను కట్టివేయక విడిచినయెడల, దోషము యజమానుని మీదికి వచ్చును. ఎద్దు ఒక్కటే, చావు ఒక్కటే. అతనికి ముందుగా తెలిసెనా లేదా అనుటయే భేదము.

ఈ భాగమును మేము అనేకమార్లు బోధించితిమి. మా వాకిట ఎద్దు లేదు గనుక అది మమ్మును తాకదనుకొంటిమి. మా వాకిట నున్నది ఒక పాత కారు.

కుప్పములో ప్రార్థన కూడికకు మదనపల్లె నుండి వెళ్లుచుండగా, పుంగనూరు బజారులో బ్రేకు తొక్కినప్పుడెల్ల ముందు చక్రమునుండి కీచుమను శబ్దము వచ్చెను. దుమ్ము పట్టియుండునని తలంచితిమి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము, ఇవన్నియు పీఠభూమి మీది ఊళ్లు. ఎత్తుపల్లములున్నను ఆ దారిలో పెద్ద ఘాటు లేదు గనుక క్షేమముగా పోయివచ్చితిమి. తరువాత మూడు వారములు ఊరకుంటిమి.

నాలుగవ వారము సంఘములోని ఒక పెద్దమ్మను వేలూరు ఆసుపత్రికి తీసికొని వెళ్లవలసి వచ్చెను. ఆ దారిలో పలమనేరు దాటిన తరువాత మొగిలి ఘాటు దిగవలెను. కారులో అయిదుగురము. బయలుదేరునప్పుడు ప్రయాణ క్షేమము కొరకు దీర్ఘముగా ప్రార్థించితిమి. ఆ ప్రార్థనకు జవాబు మూడు వారములుగా ముందు చక్రమునందు కూయుచునే యుండెను!

పై గేరులోనే, బ్రేకు మీద కాలు మోపియుంచి దిగితిమి. ఇది మా రెండవ తప్పు. ఘాటు దిగునప్పుడు గేరు తగ్గించి ఇంజనుచేతనే బండిని పట్టియుంచవలెను. కీచు శబ్దము గరగరగా మారెను. కాలిన వాసన వచ్చెను. అంతలో పెడలు మెత్తబడి లోనికి దిగిపోయెను. ముందర ఒక లారీ, దాని వెనుక భాగమున కూలీలు కూర్చుండిరి. వారిలో ఒకడు మమ్మును చూచి నవ్వుచు చేయి ఊపెను. గేరు తగ్గించి, చేతి బ్రేకును కొంచెము కొంచెముగా లాగి, ఎడమ ప్రక్క మట్టిలోనికి దింపగా బండి నిలిచెను. ఆ ఊపిన చేయి నేటికిని మా కన్నులయెదుట నున్నది.

పెద్దమ్మను వేరొక బండిలో పంపి, మా కారును పలమనేరుకు లాగించితిమి. మెకానిక్కు చక్రమూడదీసి ప్యాడ్‌ను మా చేతిలో పెట్టి, "ఇన్ని దినాలు కూస్తా వుంటే ఇనపళ్యా అయ్యగారూ?" అని అడిగెను. మేమేమి చెప్పగలము?

ప్యాడ్ అనగా ఇనుప పలకకు అంటించిన రాపిడి పదార్థము. క్రొత్తదానిలో అది సుమారు 10 మి.మీ. మందముండును, 3 మి.మీ.కు వచ్చునప్పటికి మార్చవలెను. అనేక ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక యుండును. పదార్థము అరిగిన కొలది అది డిస్కుకు సమీపించి, తుదకు తగిలి కూయును. యజమానునికి తెలియజేయుటకే దానిని అక్కడ పెట్టిరి. మాది విని విని ఊరకుండగా, ఇనుము ఇనుమును రాచి డిస్కులు కూడ చెడెను. ప్యాడ్లకు వెచ్చించుటకు వెనుదీసిన మేము డిస్కులకు కూడ చెల్లించితిమి.

మరియొక సాక్షి కూడ యుండెను. ప్యాడ్లు అరిగిన కొలది డబ్బాలో బ్రేకు ద్రవము మట్టము తగ్గును. తగ్గినదని మేము పైన పోసి మూత బిగించితిమి; ఆ సాక్షి నోటిని మేమే మూసితిమి. పైగా ఆ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినది వేడికి త్వరగా మరిగి బుడగలు పుట్టును. ఘాటులో మా పెడలు మెత్తబడుటకు అదియే కారణమని మెకానిక్కు చెప్పెను. రెండేండ్లకొకసారి దానిని మార్చుట మంచిది.

అతడు పనిచేయుచుండగా ప్రక్కనే నిలిచి చూచితిమి. ఒక ప్రక్కది మాత్రమే అరిగినట్లున్నను ముందు చక్రములు రెంటికి మార్చెను. క్యాలిపర్‌ను గొట్టము మీద వ్రేలాడనీయక తీగెతో కట్టెను. పిస్టనును వెనుకకు నెట్టునప్పుడు డబ్బా పొంగకుండ కనిపెట్టెను. ప్యాడ్ ముఖమునకు జిడ్డు తగులనీయలేదు. కారు కదలకమునుపే పెడలును గట్టిపడువరకు పలుమార్లు తొక్కించెను. అట్లు చేయనిచో మొదటి తొక్కుడు నేలకే పోవునట. కొన్ని దినములు అకస్మాత్తుగా గట్టిగా బ్రేకు వేయవద్దనియు చెప్పెను. నేర్వనివారు ఈ పనికి చేయి పెట్టరాదని మా అభిప్రాయము. అయితే చూచుటకు నేర్పు అక్కరలేదు. అనేక కార్లలో చక్రపు సందులలోనుండి లైటు వేసినయెడల ముందు ప్యాడ్ మందము అగపడును. వెనుక చక్రములకు డ్రమ్ములున్నచో విప్పించి చూడవలెను.

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట గుడి ఆవరణలోనున్న కార్లను లైటు వేసి చూచితిమి. ఒకదానిలో ముందు ప్యాడ్ వ్రేలిగోరంత మందమైనను లేదు. దాని యజమానుడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తాళము మాకిచ్చి, భార్యాబిడ్డలతో పుంగనూరు బస్సు ఎక్కెను.