ముళ్ళపొదల పవిత్రత

చెరువు గట్టునో జలాశయం ఒడ్డునో మిగిలిన ముళ్ళపొదల అడవికి పవిత్రత ఉందా, ఉంటే అక్కడికి వెళ్ళిన మనిషి ఎలా మెలగాలి అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద కడప జిల్లా లంకమల కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒక పక్క కొండలు, ఇంకో పక్క 78 టీఎంసీల సోమశిల జలాశయం వెనుక జలాలు, నడుమ తుమ్మ, రేగు, కలివి పొదలు. 1988లో ఇక్కడ ఏర్పడిన అభయారణ్యానికి శ్రీ లంకమల్లేశ్వరుడి పేరే పెట్టారు. నిత్యపూజకోన శివాలయం ఈ అడవిలోనే ఉంది. మహాశివరాత్రికి భక్తులు రాళ్ళదారిన నడిచి అక్కడికి చేరుకుంటారు. దేవుడి పేరున్న ఈ అడవికి రక్షణ దొరకడానికి మాత్రం ఒక పిట్ట కారణం.

ఆ పిట్ట కలివికోడి. బ్రిటిష్ సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డాన్ 1848లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ జాడ లేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె పొదల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని తిరిగి గుర్తించాడు. పిట్టను పట్టి ఇచ్చింది మాత్రం రాత్రిపూట దీపం వెలుగులో పిట్టల్ని పట్టే స్థానిక వేటగాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత మనిషి చేతికి చిక్కిన ఆ మొదటి పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. ‘చూడటం’ గురించి ఆలోచించే ఎవరైనా ఈ సంఘటన దగ్గర ఆగి తీరాలి.

కలివికోడి పగలు బయటికి రాదు. పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు, ఎండుటాకుల్లో కలిసిపోయే గోధుమ రంగు. ఎగరడం కంటే పరుగెత్తడానికే ఇష్టపడుతుంది. పొద్దుగూకాక కాసేపు రెండు స్వరాల కూత వినిపించి ఆగిపోతుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి, మర్నాడు దాని మీద పడ్డ అడుగుల గుర్తులు వెతికారు. పాదముద్ర దొరికితే పిట్ట ఉన్నట్టే. దేవుడి పాదాలకు మొక్కే దేశంలో ఈ పద్ధతి వింతగా తోచదు.

ఇలాంటి నేలను మన లెక్కల పుస్తకాలు బంజరు అంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో పొదలున్న భూమి ఒక తరగతి. పల్లెలోనూ ముళ్ళకంప అంటే పనికిరాని చోటు. సంప్రదాయం ఈ విషయంలో ఒకే మాట చెప్పదు. మహాభారతంలో ఇంద్రప్రస్థం పక్కనే ఖాండవవనం కాలిపోతుంది. అగ్నికి ఆహారంగా దాన్ని అప్పగించింది కృష్ణార్జునులే. తప్పించుకున్నవి ఆరు ప్రాణాలు: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షిపిల్లలు. కవి ఆ పిల్లల కోసం, వాటి తల్లి జరిత కోసం అధ్యాయాలే కేటాయించాడు. అంత దహనం మధ్య ఒక గూటి దగ్గర కథను ఆపడంలో, ఇంద్రప్రస్థ వైభవానికి ఎవరు మూల్యం చెల్లించారన్న ఎరుక ఉందని అనుకోవచ్చు.

మరో గొంతు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేననీ, ఇకమీదట అవీ ఉండవనీ అశోకుడు అక్కడ చెక్కించాడు. అథర్వవేదపు భూమిసూక్తం మరింత దగ్గరగా మాట్లాడుతుంది: తవ్వినది త్వరగా మళ్ళీ మొలవాలనీ, తవ్వే చేయి భూమి మర్మస్థానాన్ని తాకకూడదనీ కోరుకుంటుంది. తవ్వకాన్ని పాపమనకుండానే దానికి హద్దు గీయడం ఆ సూక్తం గొప్పతనం. 1973లో నార్వే తాత్వికుడు ఆర్నె నెస్, మనిషికి ఉపయోగం ఉన్నా లేకున్నా ప్రతి జీవికీ తనదైన విలువ ఉందన్నాడు. ఆ వాదం నిజమే కానీ, ఒక చేత్తో తవ్వుతూ బతకాల్సిన రైతుకు భూమిసూక్తమే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఆ హద్దు ఎక్కడ అన్నది లంకమల దగ్గర నిజంగానే పరీక్షకు వచ్చింది. సోమశిల నెల్లూరు పొలాలకు నీరిచ్చింది; దాని వెనుక జలాల కింద కడప జిల్లా పల్లెలూ పొదలూ మునిగాయి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి పొదల్లోకి చొచ్చుకొచ్చింది. అభ్యంతరాలు వచ్చాక కాలువ దారి మార్చారు. నీళ్ళూ కావాలి, పిట్టా కావాలి అన్నప్పుడు వంపు తిరగాల్సింది కాలువే. దాన్ని ఎటైనా తవ్వుకోవచ్చు. పిట్టకు ఇంకో చోటు లేదు.

ఇక చూడటానికి వెళ్ళడం. తెలుగువారికి క్షేత్రదర్శనం అలవాటు, దర్శనం అయిందంటే ఫలం దక్కినట్టు. ఈ లెక్క పొదల అడవికి పనికిరాదు. పిట్టను కూతతో బయటికి రప్పించడానికి రికార్డు వినిపించేవాళ్ళు గూడు కట్టే వేళ దాన్ని బెదరగొడతారు. ప్రదక్షిణే ఇక్కడ సరైన మర్యాద. హైదరాబాద్ శివార్లలో ఉస్మాన్‌సాగర్ పక్కనున్న చిలుకూరులో బాలాజీ చుట్టూ భక్తులు పదకొండు, మొక్కు తీరితే నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తారు. నడుమనున్నదాన్ని ముట్టుకోకుండానే ఆ సేవ పూర్తవుతుంది. దగ్గర్లోనే ఉన్న మృగవని పార్కులో బాట దిగకుండా, చప్పుడు చేయకుండా పొదల పక్కన నడిచేవారు కూడా అలాంటి సేవే చేస్తున్నారు. జింక కనిపించకపోయినా ఆ నడకకు లోటు లేదు.

పుణ్యం కోసం మొక్కలు నాటడం ఇంకో చిక్కు. ఒక చెట్టు పదిమంది కొడుకులతో సమానమని మత్స్యపురాణం అంటుంది. ఆ మాట నమ్మి పొదల నేలలో వరసగా చెట్లు నాటితే కలివికోడి పరుగెత్తే ఖాళీ మూసుకుపోతుంది. దానికి పొదలు మరీ పలుచగా ఉండకూడదు, మరీ దట్టంగానూ ఉండకూడదు. మంచి మనసుతో చేసిన పనే ఇక్కడ హాని. దయకు తోడుగా ఆ నేల గురించి తెలిసి ఉండాలి.

ఆ తెలివిడి ఉన్నవాళ్ళు ఏ అడవికైనా పక్కనే ఉంటారు. ఉదాహరణకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఎర్రబోరు, కోంటా వైపు కోయ, దోర్ల గిరిజన పల్లెల్లో మామిడికాయ పండుగ చేసేదాకా కొత్త కాయ తినరు. దేవగుడి చుట్టూ చెట్టు నరకరు. అక్కడి అడవి వేరు, వానలు వేరు. అయినా కాలానికీ చోటుకీ కట్టుబాటు పెట్టి అడవిని వాడుకునే పద్ధతి లంకమలకూ కావాలి. ఎందుకంటే పొదల మధ్య ఖాళీ ఉండటంలో మేకలకూ పశువులకూ పాత్ర ఉంది. మేత మితిమీరితే పొద పోతుంది, పూర్తిగా ఆపేస్తే ఖాళీ మూసుకుపోతుంది. ఏ నెలలో, ఏ వంకన, ఎన్ని మేకలు అన్నది అటవీ సిబ్బందితో పాటు కాపరులూ కూర్చుని తేల్చాల్సిన విషయం.