ఢిల్లీ కొలువులో ఓరుగల్లు వజీరు

కొత్తవాడ, వరంగల్

చిరంజీవి మనుమడికి,

నీ ఉత్తరం అందింది. మీ పెద్ద అధికారి నాలుగు నెలలు విదేశం పోతూ ఆఫీసు నీకు అప్పగించారని, ‘ఇదే అదను, నీవాళ్లను నింపుకో, ఆయన మీద పైవాళ్లకు నాలుగు మాటలు చేరవెయ్యి’ అని తోటివాళ్లు ఎగదోస్తున్నారని రాశావు. ఇప్పుడు నువ్వున్న ఢిల్లీలోనే, అలాంటి పరీక్షకే మన ఊరి మనిషి ఒకడు నిలబడ్డాడు బిడ్డా.

1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తరలించాడు. రాజు దారిలోనే, నర్మదా తీరంలో కన్నుమూశాడు. ఆయన కొలువులోని ఒక దొర మాత్రం ఢిల్లీ చేరి, మతం మారి మక్బూల్ అయ్యాడు. కవి మారన రాసిన మార్కండేయ పురాణాన్ని అంకితం పుచ్చుకున్న గన్నయ సేనాని ఇతడేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తర్వాత మక్బూల్, ముహమ్మద్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయిన ఆ ఉలుగ్ ఖాన్ తరఫున ఓరుగల్లునే ఏలాడు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు తిరగబడితే మళ్లీ ఢిల్లీ దారి పట్టాడు.

ఇక్కడ నా మనసు ఒప్పదు. సొంత రాజును చెరపట్టినవాడి కింద సొంత ఊరిని ఏలడం చిన్న సంగతి కాదు. బందీకి ఎన్ని దారులు మిగిలాయో మనం తేల్చలేం గానీ, ఆ పని మంచిదని నీకు చెప్పను. అతని దగ్గర నేర్వవలసింది వేరే ఉంది.

1351లో గద్దెనెక్కిన ఫిరోజ్ షా తుగ్లక్ అతన్ని వజీరుగా చేసి ఖాన్ జహాన్ బిరుదు ఇచ్చాడు. చదవడం, రాయడం రాకున్నా మహా తెలివైనవాడని చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. సుల్తాను దండయాత్రకు పోతే రాజధాని భారం అతనిదే. ఒకసారి సింధులోని థట్టా మీదికి పోయిన సైన్యం రణ్ ఉప్పునేలల్లో చిక్కుకుంది. ఆరు నెలలు కబురు లేదు. ఖజానా, నగరం అతని చేతిలో ఉన్నాయి. ముహమ్మద్ తుగ్లక్ చనిపోగానే అప్పటి వజీరు ఒక పసివాడిని గద్దెనెక్కించిన సంగతి ఢిల్లీ ఇంకా మరచిపోలేదు. ఖాన్ జహాన్ ఆ దారి తొక్కలేదు. రోజూ నగరంలో తిరిగి జనానికి కనిపించాడు. భయం ముదురుతుంటే, సుల్తాను క్షేమమని తానే ఒక ఉత్తరం పుట్టించి సంబరాలు చేయించాడు. అబద్ధమే. దానితో తనకంటూ ఏమీ వెనకేసుకోలేదు గనుక నేను తప్పుపట్టలేను. ఫిరోజ్ షా తిరిగి వచ్చేసరికి గద్దె ఆయన కోసమే ఉంది.

అతని తర్వాత కొడుకు జూనాన్ షాకు అదే పదవి, అదే బిరుదు దక్కాయి. నిజాముద్దీన్‌లో కలాన్ మసీదు కట్టించింది ఇతడే. కానీ ముసలి సుల్తాను చెవిలో యువరాజు ముహమ్మద్ మీద చాడీలు పోశాడు. యువరాజు ఎలాగో తండ్రిని కలుసుకుని నిజం చెప్పుకున్నాడు. జూనాన్ షా మేవాత్‌కు పారిపోతే, ఆశ్రయమిచ్చినవాడే పట్టి ఇచ్చాడు. ప్రాణం పోయింది. తండ్రి సంపాదించిన పేరు అడ్డుపడలేదు.

అందుకే చెబుతున్నా, నువ్వు చేసే ప్రతి నిర్ణయానికీ కారణం రెండు వాక్యాల్లో ఫైల్లో రాసిపెట్టు. ఆగగల నియామకాలను మీ అధికారి వచ్చేదాకా ఆపు. ఆయన మీద ఏమైనా అనాలని ఉంటే, తిరిగొచ్చాక ఆయన ఎదుటే అను. నిన్ను ఎగదోసేవాళ్లతో గొడవ వద్దు, వాళ్ల మాట మాత్రం పైకి మోయకు.

నిజాముద్దీన్ దర్గా దగ్గర, ఖాన్ జహాన్ తిలంగానీగా పేరుపడ్డ ఆ మక్బూల్ సమాధి ఉంది. ఢిల్లీలో ఎనిమిది కోణాల సమాధుల్లో అదే మొదటిదంటారు. ఒక ఆదివారం పోయి చూడు. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో నాకు వివరంగా రాయి.

మీ తాత